క్షీణతను పోల్చడం: హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల చరిత్ర దృష్టి – ఒక పరిశీలన

ప్రస్తావన

2024 ఏప్రిల్ నెలలో హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు సంబంధించిన రెండు విషయాలు ఒకేసారి ప్రజల ముందుకు వచ్చాయి. హైదరాబాద్‌కు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చలనచిత్రం ‘మైదాన్’ ఆ నెలలో విడుదలైంది. అదే నెలలో హైదరాబాద్ ఎఫ్.సి. జట్టు ఇండియన్ సూపర్ లీగ్ పట్టికలో అట్టడుగు స్థానంలో నిలిచి ఆ ఏటి పోటీలను ముగించింది. ఒకవైపు వెండితెర మీద ఈ నగరపు ఫుట్‌బాల్ గతం వెలిగింది. మరోవైపు గచ్చిబౌలి మైదానంలో దాని వర్తమానం దీనంగా కనిపించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండడం ఏ అభిమానికైనా కష్టమే.

ఓడిపోతున్న జట్టును అంటిపెట్టుకున్నవారు వర్తమానాన్ని గతంతో పోల్చుకుంటారు. ‘ఇంతకన్నా హీనమైన రోజులు చూశాం’ అన్నది ఒక రకం పోలిక. ‘ఇంత హీనస్థితి ఎన్నడూ లేదు’ అన్నది దానికి ఎదురు నిలిచే పోలిక. ‘అప్పుడూ ఇలాగే జరిగింది’ అన్నది మూడవది. ఇవి పైకి ఓదార్పు మాటలుగానో, నిష్ఠూరాలుగానో కనిపించినా ఒక్కొక్కదాని వెనుక చరిత్రను గురించిన ఒక ప్రతిపాదన ఉంది. క్షీణత ఎప్పుడు మొదలైంది, దేనివల్ల కలిగింది, దాని తరువాత ఏం మిగిలింది అన్న ప్రశ్నలకు అభిమాని తనకు తెలియకుండానే జవాబు చెబుతున్నాడు. ఆ జవాబులు ఎంతవరకు నిలుస్తాయో హైదరాబాద్ నగరాన్ని ఆధారం చేసుకుని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1963 తరువాత హైదరాబాద్ పోలీసు జట్టు ప్రాభవం తగ్గడాన్ని మొదటి క్షీణతగాను, 2022 నుంచి 2025 వరకు హైదరాబాద్ ఎఫ్.సి.కి పట్టిన స్థితిని రెండవ క్షీణతగాను ఇక్కడ వ్యవహరించడం జరిగింది.

క్షీణత అనే మాట

తెలుగు సాహిత్య విద్యార్థులకు ‘క్షీణ’ శబ్దం కొత్తది కాదు. 1775 నుంచి 1875 వరకు గల నూరేళ్లను క్షీణయుగంగా వ్యవహరించడం మన సాహిత్య చరిత్రల్లో పరిపాటి. రాజాస్థానాలు అంతరించడం, ప్రబంధం అనుకరణప్రాయం కావడం ఈ పేరుకు కారణాలుగా చెబుతారు. అయితే అదే నూరేళ్లలో త్యాగరాజు తెలుగులో కీర్తనలు రచించాడు. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను ముద్రించాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన యాత్ర కాశీయాత్ర చరిత్రగా గ్రంథరూపం పొందింది. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది. ప్రబంధాన్ని ప్రమాణంగా పెట్టుకున్నవారికి అది క్షీణయుగం. వచనాన్నో, ముద్రణనో, సంగీతాన్నో ప్రమాణంగా తీసుకున్నవారికి అది ఆరంభయుగం. కాబట్టి ఒక కాలం క్షీణించిందని చెప్పేముందు క్షీణించినది ఏమిటో నిర్ణయించుకోవలసి ఉంటుంది.

మన సాహిత్య చరిత్రలో దీనికి తోడైన మరొక వ్యవహారం ‘దక్షిణాంధ్ర యుగం’. విజయనగర ప్రాభవం సడలిన తరువాత తెలుగు కవిత్వం తంజావూరు, మధుర నాయక రాజుల ఆస్థానాల్లో వర్ధిల్లింది. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు పోషకులుగానే కాక స్వయంగా కవులుగా కూడా ప్రసిద్ధులు. తెలుగునేల మీద మాత్రమే దృష్టి నిలిపినవారికి అది వెలితిగా కనిపించవచ్చు. తెలుగు భాషను చూసేవారికి అది సమృద్ధి కాలం. స్థలానికి నష్టం కలిగినంత మాత్రాన విద్యకు నష్టం కలిగిందని చెప్పడానికి వీలులేదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఆటల చరిత్రను సాహిత్య చరిత్రతో సమానం చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆస్థానం, స్థలం, విద్య, విద్వాంసుడు అనే నాలుగింటిని విడివిడిగా చూడడం మన సాహిత్య చరిత్రకారులు నేర్పిన పద్ధతి. ఆ పద్ధతిని క్లబ్బు, నగరం, ఆట, ఆటగాడు అనే నాలుగింటికి అన్వయించవచ్చు. అభిమానుల పోలికల్లో ఈ నాలుగూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాటిని విడదీస్తే హైదరాబాద్‌లోని రెండు క్షీణతలూ రెండు వేర్వేరు జాతులకు చెందినవని తేలుతుంది.

మొదటి క్షీణత: పోలీసు జట్టు

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలిచింది. 1957లోను, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో 1960, 1962, 1963 సంవత్సరాల్లోను ఆ కప్పు మళ్లీ దక్కింది. వీటిలో 1962 నాటిది ఈస్ట్ బెంగాల్‌తో సంయుక్తంగా పొందిన విజయం. 1950, 1954, 1957, 1961 సంవత్సరాల్లో డ్యూరాండ్ కప్పు కూడా ఈ జట్టుకే చేరింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57, 1957–58 సంవత్సరాల్లో వరుసగా గెలుచుకుంది. కలకత్తా క్లబ్బుల ఆధిపత్యం తిరుగులేనిదిగా భావించిన రోజుల్లో దక్కన్ నుంచి వెళ్లిన ఒక పోలీసు జట్టు సాధించిన ఫలితాలివి.

ఈ విజయాల కేంద్రంలో ఉన్న రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులైన ఆయన నగరంలోని పాఠశాలల్లో బోధించారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి పోలీసు జట్టుకు శిక్షకులుగా ఉన్నారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతోను, బంతిని కాలి దగ్గర ఉంచుకోకుండా వెంటనే అందించాలన్న నియమంతోను పిల్లలకు పోటీలు పెట్టడం ఆయన బోధన పద్ధతిలో భాగం. పాఠశాల మాస్టారు చదువు చెప్పే తీరు ఆ నియమాల్లో కనిపిస్తుంది. లోపం ఉన్న చోటనే అభ్యాసం చేయించడం దాని సారం. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. మెల్బోర్న్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాద్ ఆటగాళ్లు ఉన్నారు. ఉర్దూ మాట్లాడే పాతనగరపు గల్లీలు, తమిళ కుటుంబాలు స్థిరపడిన సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిసరాలు కలిసి ఈ ఆటగాళ్లను తయారుచేశాయని ఆ పేర్లే చెబుతాయి.

1963 జూన్ 11న రహీం కేన్సర్‌తో మరణించారు. అభిమానుల స్మృతిలో హైదరాబాద్ ఫుట్‌బాల్ పతనం ఆ రోజుతోనే మొదలవుతుంది. గురువు పోయాడు కనుక ఆట పోయింది అన్న కథనానికి కావ్యగౌరవం ఉంది. కాని కాలక్రమం దానికి పూర్తిగా లొంగదు. రహీం మరణించిన ఏడాదే పోలీసు జట్టు రోవర్స్ కప్పును గెలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ సాధించింది. మరోవైపు ఆటగాళ్ల వలస రహీం జీవించి ఉండగానే మొదలైంది. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేసే నాటికి ఆయన కలకత్తా ఆటగాడే. కనుక 1963ను కారణంగా కంటే ఒక గుర్తుగా చూడడం ఉచితం. అప్పటికే నడుస్తున్న ఒక ప్రక్రియకు ఆ మరణం తేదీని ఇచ్చింది.

ఆ ప్రక్రియకు మూలం జట్టు నిర్మాణంలోనే ఉంది. పోలీసు జట్టు ఒక ప్రభుత్వ శాఖకు చెందినది. ఆటగాడికి అది ఇచ్చేది కొలువు, దానితోపాటు వచ్చే జీవన భద్రత. 1950ల ఆరంభంలో ఒక పేద కుటుంబపు యువకుడికి అది చిన్న విషయం కాదు. కలకత్తా క్లబ్బులు అంతకంటే ఎక్కువ డబ్బును, వేలాది ప్రేక్షకులను, పేరును చూపగలిగాయి. శాఖ జట్టు జీతపు స్కేలును దాటి బేరమాడలేదు. అందువల్ల ఈ నగరం తయారుచేసిన వారిని ఈ నగరపు జట్టు నిలుపుకోలేకపోయింది. మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ 1960ల మధ్య నుంచి కలకత్తాలో ఆడారు. నయీముద్దీన్ నాయకత్వంలో, హబీబ్ సభ్యుడుగా ఉన్న జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. 1974లో ఆసియా యువజన పోటీల్లో ఇరాన్‌తో కలిసి విజేతగా నిలిచిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాద్‌కు చెందిన షబ్బీర్ అలీ. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ సాధించిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. తరువాతి తరంలో విక్టర్ అమల్‌రాజ్ అదే దారిలో నడిచారు.

అంటే పోలీసు జట్టు వెలవెలబోయిన తరువాత సుమారు రెండు దశాబ్దాలపాటు హైదరాబాద్ ఆటగాడు వెలుగుతూనే ఉన్నాడు. ఆస్థానం కూలినా విద్య కొనసాగింది. సాహిత్య పరిభాషలో చెప్పాలంటే ఇది హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు దక్షిణాంధ్ర యుగం వంటిది. తంజావూరు స్థానంలో కలకత్తా ఉంది. బలరామ్ 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లోనే మరణించారు. హబీబ్ తిరిగి వచ్చి అదే సంవత్సరం ఆగస్టులో హైదరాబాద్‌లో కన్నుమూశారు. వెళ్లి అక్కడే నిలిచినవారు, వెళ్లి తిరిగివచ్చినవారు ఇద్దరూ ఆ యుగపు ప్రతినిధులే.

నిజమైన లోటు ఆ తరువాత కలిగింది. కొత్త ఆటగాళ్లు రావడం తగ్గింది. పాఠశాలల్లో ఆటస్థలాలు కుంచించుకుపోయాయి. క్రికెట్ ఆదరణ పెరిగింది. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులో హైదరాబాద్ జట్టు లేదు. ఒక తేదీ చెప్పడానికి వీలులేని క్షీణత ఇది. ఊట తగ్గిన బావిలాగా అది మెల్లగా అడుగంటింది.

రెండవ క్షీణత: హైదరాబాద్ ఎఫ్.సి.

2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఎఫ్.సి. పుణె సిటీ ఖాళీ చేసిన స్థానం దానికి లభించింది. పోలీసు జట్టుకు దీనికి సంస్థాగతమైన సంబంధం ఏదీ లేదు. ఉన్న సంబంధమంతా నగరం పేరు, దానివెంట వచ్చే జ్ఞాపకం.

మొదటి సంవత్సరం జట్టు పది జట్లలో పదవ స్థానంలో నిలిచింది. 18 మ్యాచ్‌లలో రెండు విజయాలు, పది పాయింట్లు దాని సంపాదన. 2020 ఆగస్టులో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్క్వెజ్ శిక్షకుడిగా వచ్చిన తరువాత స్థితి మారింది. 2020–21లో ఐదవ స్థానం, 2021–22లో లీగ్ దశలో రెండవ స్థానం లభించాయి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో జరిగిన తుదిపోరులో కేరళ బ్లాస్టర్స్ ముందుగా గోల్ చేసింది. మ్యాచ్ ముగింపు దగ్గరపడుతుండగా సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లను అడ్డుకున్నాడు. హైదరాబాద్ 3–1 తేడాతో విజేత అయింది. 2022–23లో కూడా జట్టు రెండవ స్థానంలో నిలిచి సెమీఫైనల్లో షూటౌట్‌లో వెనుదిరిగింది.

2023–24లో పతనం మొదలైంది. మార్క్వెజ్ గోవా క్లబ్బుకు వెళ్లారు. జీతాల బకాయిలు పేరుకున్నాయి. కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన యువకులతో నడిచిన జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్క విజయంతో, ఎనిమిది పాయింట్లతో చివరిదైన పన్నెండవ స్థానంలో నిలిచింది. 2024 సెప్టెంబరులో యాజమాన్యం మారింది. 2024–25లో 24 మ్యాచ్‌లలో 18 పాయింట్లు, పదమూడు జట్లలో పన్నెండవ స్థానం దక్కాయి. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

ఆ సంవత్సరాల్లో ఈ లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టు కింది శ్రేణికి దిగే ఏర్పాటు లేకపోవడం ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన అంశం. ఇంగ్లండులో మాంచెస్టర్ యునైటెడ్ వంటి పెద్ద క్లబ్బు 1974లో రెండవ శ్రేణికి దిగి, మరుసటి ఏడాదే ఆ శ్రేణిలో ప్రథమస్థానం సాధించి పైకి వచ్చింది. అక్కడ పతనానికి ఒక మెట్టు ఉంది. దిగినవారు అదే మెట్టు మీదుగా ఎక్కవచ్చు. అభిమాని తన జట్టు వెంట కింది శ్రేణికి వెళ్లి, దానితో కలిసి తిరిగి రాగలడు. హైదరాబాద్‌లో అప్పుడు అటువంటి మెట్టు లేదు. మైదానంలో ఎంత ఓడినా జట్టు లీగ్‌లోనే ఉండేది. డబ్బు కరువైతే మాత్రం యజమాని మారతాడు, నగరం మారుతుంది, పేరు మారుతుంది. ఇక్కడ క్షీణత కిందికి దిగడంగా వ్యక్తం కాదు, తరలిపోవడంగా వ్యక్తమవుతుంది.

మూడు పోలికలు: ఒక విమర్శ

పై రెండు వృత్తాంతాల వెలుగులో అభిమానుల మూడు పోలికలను పరీక్షించవచ్చు.

మొదటిది ‘ఇంతకన్నా హీనమైన రోజులు చూశాం’ అనే పోలిక. 2023–24ను 2019–20తో పోల్చేటప్పుడు ఇది వినిపిస్తుంది. రెండుసార్లూ జట్టు అట్టడుగునే ఉంది. ఆ తరువాత రెండేళ్లలో కప్పు వచ్చింది కనుక ఈసారీ అలాగే రావచ్చునన్నది దీని సారాంశం. అంకెలు దీన్ని సమర్థించవు. 18 మ్యాచ్‌లలో పది పాయింట్ల కంటే 22 మ్యాచ్‌లలో ఎనిమిది పాయింట్లు నిస్సందేహంగా తక్కువ. అంకెలను పక్కనబెట్టినా ఈ రెండు స్థితుల స్వభావం వేరు. మొదటి ఏడాది జట్టు ఇంకా కూడుతున్న జట్టు. నాలుగేళ్ల తరువాతి జట్టు విడిపోతున్న జట్టు. పునాది తవ్విన గొయ్యికి, కూలిన ఇంటి గొయ్యికి లోతు ఒకటే కావచ్చు. ఆ లోతును మాత్రమే కొలిచి రెండూ ఒకటే అనడం పట్టికను చదవడమే గాని చరిత్రను చదవడం కాదు.

రెండవది ‘ఇంత హీనస్థితి ఎన్నడూ లేదు’ అనే పోలిక. ఇది 1950ల వైభవాన్ని ప్రమాణంగా నిలుపుతుంది. రహీం కాలపు పోలీసు జట్టు పక్కన ఏ జట్టయినా చిన్నదిగానే కనిపిస్తుంది. కాని ఈ పోలికలో మధ్య కాలం మాయమవుతుంది. 1963కు, 2019కి మధ్య 56 సంవత్సరాలున్నాయి. 1990ల తరువాత జాతీయ స్థాయి లీగ్‌లో ఈ నగరానికి పైశ్రేణి జట్టు లేని కాలమే ఎక్కువ. అట్టడుగున ఉన్న జట్టు కంటే జట్టే లేకపోవడం హీనం కాదా అన్న ప్రశ్నకు ఈ పోలిక జవాబు చెప్పదు. స్వర్ణయుగాన్ని, కలియుగాన్ని మాత్రమే గుర్తించి మధ్య యుగాలను మరచిపోయే పురాణ కాలదృష్టి ఇందులో ఉంది. ఆ మరపులోనే హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ అలీల తరం నగర చరిత్ర నుంచి జారి కలకత్తా చరిత్రలో కలిసిపోయింది.

మూడవది ‘అప్పుడూ ఇలాగే జరిగింది’ అనే పోలిక. మూడింటిలో ఇది ఆలోచనతో కూడినది. 1960లలోను, 2023లోను ఆటగాళ్లు మెరుగైన వేతనం కోసం వెళ్లిపోయారు. రెండుసార్లూ ప్రముఖ శిక్షకుణ్ణి కోల్పోవడం మలుపుగా నిలిచింది. రెండుసార్లూ గొప్ప విజయాలు నగరానికి వెలుపలే జరిగాయి. పోలీసు జట్టు కప్పులు బొంబాయిలో, ఢిల్లీలో గెలిచింది. హైదరాబాద్ ఎఫ్.సి. విజేతగా నిలిచిన 2021–22 పోటీలన్నీ కరోనా కారణంగా గోవాలోనే జరిగాయి. సొంత మైదానంలో కూర్చుని ఆ విజయయాత్రను చూసే అవకాశం నగర ప్రేక్షకులకు దక్కలేదు. నాటివారు వార్తాపత్రికలో చదివినదాన్ని నేటివారు తెరమీద చూశారు. విజయం దూరంగాను, ఓటమి ఇంటి ముంగిటను జరగడం ఈ రెండు తరాల అభిమానులకూ ఉమ్మడి అనుభవం.

ఇంత పోలిక ఉన్నా ఒక మౌలిక భేదం మిగులుతుంది. 1960లలో వెళ్లిపోయినవారు ఈ నగరంలో పుట్టి పెరిగి ఆట నేర్చినవారు. 2022 విజేత జట్టులోని ముఖ్యులు గోవా, మణిపూర్, సిక్కిం, నైజీరియా, బ్రెజిల్, స్పెయిన్ ప్రాంతాల నుంచి కూర్చబడినవారు. వారు వెళ్లిపోయినప్పుడు నగరం తాను తయారుచేసినవారిని కోల్పోలేదు, అద్దెకు తెచ్చుకున్నవారిని కోల్పోయింది. ఇందులో ఆటగాళ్ల తప్పేమీ లేదు. నేటి వృత్తి ఫుట్‌బాల్ తీరే అది. కాని క్షీణత తరువాత ఏం మిగిలిందని అడిగితే జవాబులు వేరుగా వస్తాయి. మొదటి క్షీణతలో క్లబ్బు బలం పోయినా ఆటగాళ్లు, వారిని పెంచిన వాడలు కొంతకాలం మిగిలాయి. రెండవ క్షీణతలో క్లబ్బు, ఆటగాళ్లు రెండూ పోయి మైదానం, అభిమానులు మిగిలారు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు గచ్చిబౌలిలోనే జరిగింది. భారత జట్టుకు అప్పుడు శిక్షకుడు మార్క్వెజ్. అదే ఏడాది డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపోరు అక్కడే జరగగా పశ్చిమ బెంగాల్ కేరళ మీద గెలిచింది. 1957–58లో సంతోష్ ట్రోఫీకి ఆతిథ్యమిచ్చి గెలిచిన నగరం 2024లో ఆతిథ్యం మాత్రమే ఇవ్వగలిగింది. ఆట జరగడానికి స్థలం ఉంది, చూడడానికి మనుషులున్నారు. ఆడడానికి ఈ ఊరివారు లేరు.

ఈ పోలికలన్నీ వదిలివేసే మరొక పక్షం ఉంది. 2025లో తమ క్లబ్బు ఢిల్లీకి వెళ్లినప్పుడు హైదరాబాద్ అభిమానికి కలిగిన వేదన 2019లో పుణె అభిమానికి కలిగినదే. ఆనాడు ఇక్కడ ఆవిర్భావంగా కనిపించినది అక్కడ అంతర్ధానం. పుణెలో ఖాళీ అయిన చోటుతోనే హైదరాబాద్ కథ ఆరంభమైందని గుర్తిస్తే, ‘మనకు మాత్రమే ఇలా జరిగింది’ అనే భావం నిలవదు. స్థానిక స్మృతి తన నష్టాన్ని గుర్తుంచుకున్నంత స్పష్టంగా తన లాభానికి మూలమైన ఇతరుల నష్టాన్ని గుర్తుంచుకోదు. చరిత్ర రచనకు, అభిమాన స్మృతికి మధ్య గీత ఇక్కడ పడుతుంది.

ముగింపు

వర్తమాన పతనాన్ని గత పతనంతో పోల్చడం అభిమానుల బలహీనతగా తీసివేయదగినది కాదు. ఆ పోలిక లేకపోతే రహీం, అజీజుద్దీన్, బలరామ్, హబీబ్ పేర్లు ఈ తరానికి చేరే మార్గం మరింత ఇరుకయ్యేది. ఓటమి కాలంలోనే పాత పేర్లు ఎక్కువగా తలపుకు వస్తాయి. ఆ మేరకు ఓడిన జట్టు అభిమానులు నగర చరిత్రకు సంరక్షకులు.

అయితే పోలిక ఓదార్పుగా మారినప్పుడు కారణాలు మరుగున పడతాయి. ‘పడ్డాం, లేచాం, మళ్లీ పడ్డాం, మళ్లీ లేస్తాం’ అనే చక్రగతిలో 1963 తరువాత పడినదీ 2019లో లేచినదీ ఒకే వస్తువు అన్న ఊహ దాగి ఉంది. పై పరిశీలన ఆ ఊహను సమర్థించదు. 1963 తరువాత పడినది ఈ నేల నుంచి మొలిచిన చెట్టు. 2019లో వచ్చినది మరొక ఊరి నుంచి తెచ్చి నాటిన మొక్క. అది మూడేళ్లకే కాయ కాసింది. వేళ్లు దిగకముందే పెకలించి వేరొక ఊరికి తీసుకుపోయారు. మొదటిదాని క్షీణతకు కారణం ఆటగాణ్ణి నిలుపుకోలేకపోవడం. రెండవదాని క్షీణతకు కారణం క్లబ్బునే నిలుపుకోలేకపోవడం. రెండు రోగాలకూ ఒకే మందు పనిచేయదు.

రహీం కాలం నుంచి నేర్చుకోదగినది కప్పుల సంఖ్యలో లేదు. ఆయన పాఠశాల ఉపాధ్యాయుడు కావడంలో, పిల్లలకు బలహీనమైన కాలితో ఆడే పోటీలు పెట్టడంలో ఉంది. ఆ పని చేయడానికి లీగ్‌లో స్థానం కొనవలసిన అవసరం లేదు, యజమాని ఊరు మార్చినంత మాత్రాన అది ఆగిపోదు. తెలుగు సాహిత్య చరిత్ర క్షీణయుగాన్ని పునఃపరిశీలించి అందులో వచనపు తొలి అడుగులను గుర్తించినట్లే, హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర కూడా తన క్షీణకాలాల్లో ఏది మిగిలిందో వెతకవలసి ఉంది. కలకత్తాకు వెళ్లిన తరాన్ని నగర చరిత్రలోకి తిరిగి చేర్చడం, వారు ఆట నేర్చిన బడులను, వాడలను, మైదానాలను ఉర్దూ, తమిళ, తెలుగు మౌఖిక స్మృతుల ఆధారంగా నమోదు చేయడం అందులో మొదటి పని. ఆ తరంలో జీవించి ఉన్నవారు ఏటేటా తగ్గిపోతున్నారు కనుక ఆ పనికి ఉన్న గడువు చాలా తక్కువ.